ముప్పై ఏడో పలక

గుంటూరుకి ఉత్తరాన, కృష్ణకి ఇవతల,
బస్సు ఆగిపోయాక మైలున్నర నడిస్తే
తాటిలంక.
అక్కడ మా లూథరన్ గుడి.
గోడలు చెక్క, తలుపు చెక్క,
సిలువ కూడా చెక్కే కాబట్టి
వేరే చెప్పుకోవాల్సిన పని లేదు.

మునసబు ఇటుక వద్దన్నాడట.
"ఇటుకంటే ఉండిపోవడం గదరా" అన్నాడట.
మా ముత్తాతలు తలలూపారు.
చిత్తమండి, చెక్కతో కట్టుకుంటాం,
పొమ్మన్ననాడు మోసుకుపోతాం.
ఆ మాటలో ఉన్నది వినయమో పౌరుషమో
అరవై ఏళ్ళొచ్చినా
నాకు తేలలేదు.

రేవులో పాత బల్లకట్టు వేలానికొస్తే
ఇంటికో పిడికెడు జొన్నలు
రెండేళ్ళు దాచి కొన్నారు దాన్ని.
వడ్రంగి భద్రాచారి పగలు రానన్నాడు.
వెన్నెల ఉన్న రాత్రులే వచ్చాడు.
మా కడవలో నీళ్ళు ముట్టలేదు,
తన చెంబు తనే తెచ్చుకున్నాడు.
కానీ పలక పలకకీ అడుగున ఉలితో అంకె వేసిచ్చాడు,
౧ మొదలు ౧౧౨ దాకా.
"విప్పినా కలుస్తుంది, వరస తప్పకండి."
అంతే అన్నాడట. కూలి లెక్కపెట్టుకోలేదట.

మా నాయనమ్మ దీనమ్మకి
బైబిలు చదవడం రాలేదు.
గోడ చదవడం వచ్చు.
నతానియేలు పంతులు ఆ అంకెల మీదే వేలు పెట్టించి
కూడికలు నేర్పాడు.
సంతలో కందులమ్మేటప్పుడు
కళ్ళు మూసుకుని గోడ తలుచుకునేది,
షావుకారు కంటే ముందే చెప్పేది.

మూడుసార్లు విప్పారు గుడిని.
ఒకసారి వరదకి. ఒకసారి కలరాకి.
మూడోసారి ఎందుకని అడిగితే
మా నాన్న బీడీ వెలిగించుకునేవాడు.

వరదప్పుడు
గుడి మొత్తం తలల మీద కట్ట ఎక్కింది,
మేకులు గోనెసంచిలో, బల్లపూజ గిన్నె బియ్యంలో.
గంట మాత్రం నిండుచూలాలు మోసిందట,
ఎవరు వద్దన్నా వినకుండా.
అడుగు అడుక్కీ మోగిందట కడుపు పక్కన.
ఆ పుట్టినవాడే మా పెదనాన్న,
గంటయ్య.
బాప్తిస్మం పేరు ఆయనకే గుర్తులేదు.

ఇక ముప్పై ఏడు.
కలరా ఏడు పాడెలకి కర్ర దొరక్క
ఆ ఒక్క పలకా ఊడదీశారు.
పద్నాలుగు మందిని మోసిందది.
కడపటి మనిషితో పాటే మట్టిలోకి పోయింది.
మళ్ళీ గోడకి బిగించడానికి
ఎవరికీ చేతులు రాలేదు.
బదులు చింతచెక్క కొట్టారు.
దానికి అంకె లేదు.
చేవ లేని చెక్క, రెండు వేసవులకే ముడుచుకుని
వేలెడు సందు వదిలింది.
రెండో కీర్తన వేళకి అందులోంచి ఎండ దిగేది
ఆడవాళ్ళ చాప మీదికి.
దాన్ని అరచేత్తో మూసి తెరిచి ఆడినందుకు
నేను తిన్న మొట్టికాయలు
నూట పన్నెండుకి తక్కువుండవు.

శ్రమల దినాలు రాగానే
గోడలకి జీడినూనె పట్టించేవాళ్ళం, చెదలు పట్టకుండా.
చేతులు బొబ్బలెక్కేవి,
నలభై రోజులూ అన్నంలో ఆ వాసనే.
దేవుడి వాసన ఏదని నన్నెవరైనా అడిగితే
సాంబ్రాణి అనను నేను.

ఇప్పుడు పట్టా వచ్చింది.
శ్లాబు, టైల్సు, నాలుగు వైపులా మైకులు.
కావలసిందే.
వానకి తడుస్తూ ప్రార్థన చేసినవాళ్ళం,
పాతది పాతదని ఏడవడం మాకు కుదరదు.
కాంట్రాక్టరు చెక్కని కాలితో తట్టి
టన్నెంతకిస్తారన్నాడు.
కమిటీవాళ్ళు నా చేతికి సుద్దముక్క ఇచ్చారు,
మీ నాయనమ్మ గోడే గదా, లెక్కపెట్టమన్నారు.

ముప్పై ఆరు దాకా గబగబా వచ్చాను.
చింతచెక్క దగ్గర సుద్ద ఆగింది.
దీన్ని వెయ్యాలా లెక్కలో?
వేస్తే మట్టిలో ఉన్నదాన్ని ఏమనాలి?
అయ్యగారు గడియారం చూసుకున్నారు.
కాంట్రాక్టరు దగ్గాడు.
సందులోంచి ఎండ
నా చెప్పుల మీద పడి ఉంది.

లెక్క తప్పిందండీ, అన్నాను.
మళ్ళీ ఒకటి దగ్గరికి నడిచాను.